ఓల్గీన్ ప్రావిన్స్: ఎర్రమట్టి, నికెల్, చెరకు, తగ్గుతున్న జనం (క్యూబా తూర్పు తీరం మీద చర్చ)

#1 పటాలపిచ్చి (కాకినాడ)

అందరికీ నమస్కారం. క్యూబా అనగానే మన తెలుగు పుస్తకాల్లో హవానా, చుట్టలు, విప్లవం, చే గువేరా. అక్కడితో సరి. ఆ దీవికి తూర్పు వైపు, ఉత్తర తీరం వెంట ఉన్న ఓల్గీన్ ప్రావిన్స్ గురించి తెలుగులో చదవదగ్గ వ్యాసం నాకు ఒక్కటీ దొరకలేదు. మన వేదికలో లోహాల పని తెలిసినవాళ్లున్నారు, టీచర్లున్నారు, చెరకు రైతులున్నారు, కెనడాలో స్థిరపడ్డవాళ్లున్నారు. తలా కాస్త రాస్తే బడి పిల్లలకి పనికొచ్చే సరుకు తయారవుతుందని నా ఆశ.

మొదట ప్రాథమిక వివరాలు నేను రాస్తాను. 1976 వరకు తూర్పు క్యూబా అంతా ఓరియంతె అనే ఒకే పెద్ద ప్రావిన్స్. ఆ ఏడాది దాన్ని ఐదుగా విడగొట్టారు: లాస్ తూనాస్, గ్రాన్మా, ఓల్గీన్, శాంతియాగో దె కూబా, గ్వాంతానమో. ఓల్గీన్ వాటాకి వచ్చింది సుమారు 9,200 చదరపు కిలోమీటర్లు, 14 మున్సిపాలిటీలు. మన ఉమ్మడి కృష్ణా జిల్లా 8,727 చదరపు కిలోమీటర్లు కాబట్టి దానికంటే ఇది కాస్త పెద్దది. జనం మాత్రం 2012 జనగణనలో సుమారు 10 లక్షల 35 వేలు. 2011లో ఉమ్మడి కృష్ణాలో 45 లక్షలు. అయినా హవానా, శాంతియాగోల తర్వాత క్యూబాలో ఎక్కువ జనాభా ఉన్న ప్రావిన్స్ ఇదే.

క్యూబాలో కొలంబస్ మొదట దిగింది ఇక్కడే, 1492 అక్టోబర్ 28న, బరియాయ్ అనే చిన్న అఖాతంలో. క్యూబా నియంత ఫుల్హెన్సియో బతీస్తా పుట్టిన బానెస్ (1901), ఆయన్ని గద్దె దించిన ఫిదెల్ కాస్త్రో పుట్టిన బిరాన్ (1926) రెండూ ఈ ప్రావిన్స్‌వే. నీపే అఖాతానికి ఉత్తరాన ఒకటి, దక్షిణాన కాస్త లోపలికి మరొకటి. ఇద్దరూ ఒకే చెరకు కంపెనీ నీడలో పెరిగినవాళ్లు. ఆ సంగతి చెరకు తెలిసినవాళ్లు రాస్తే బాగుంటుంది.

#2 భూగోళం_టీచర్ (నెల్లూరు)

మంచి పని మొదలుపెట్టారండీ. నేల సంగతి నేను రాస్తాను. ఈ ప్రావిన్స్‌లో మిగతావన్నీ నేలను బట్టే నడిచాయి.

పడమటి సగానికీ తూర్పు సగానికీ పోలికే లేదు. పడమట ఓల్గీన్ నగరం చుట్టూ మైదానం, మధ్యలో మనియాబోన్ గుట్టలు. హిబారా ఊరి దగ్గర సున్నపురాయి కొండలు చదును నేలలోంచి నిట్టనిలువుగా లేస్తాయి, కింద గుహలు. సముద్రం మీంచి వచ్చే నావికులకు ఆ కొండలే ఆనవాలు. కొలంబస్ తన దినచర్యలో ప్రస్తావించిన కొండ వీటిలోని 'సీయా దె హిబారా'యేనని చాలామంది చరిత్రకారులు అంటారు. నైరుతి మూల కౌతో నది పరీవాహకంలోకి వాలుతుంది. అక్కడ నేల నల్లగా, బరువుగా ఉంటుంది. చెరకు దేశం అది.

మయారీ దాటి తూర్పుకు వెళ్తే కొండలు మొదలు. నీపే–సాగువా–బరాకోవా పర్వత శ్రేణి ఇక్కడి నుంచి గ్వాంతానమోలోకి సాగుతుంది. ప్రావిన్స్‌లో అన్నిటికంటే ఎత్తైన శిఖరం పీకో క్రిస్తాల్, 1,231 మీటర్లు. ఆ కొండల్నే 1930లో క్యూబా తొలి జాతీయ వనంగా ప్రకటించారు. మయారీ పైన పీఠభూమి మీద పైన్ అడవులు. ఉష్ణమండలపు దీవిలో పైన్ చెట్టేమిటని మా పిల్లలు తప్పకుండా అడుగుతారు. జవాబు మట్టిలో ఉంది. అది గనుల వాళ్లకే వదిలేస్తాను.

తీరం చూడండి. నీపే, బానెస్, లెవీసా అఖాతాలన్నిటికీ ముఖద్వారం ఇరుకు, లోపల విశాలం. పూర్వం నదీలోయలుగా ఉన్నవి సముద్రమట్టం పెరిగి మునిగిపోవడంతో ఈ ఆకారం వచ్చింది. తుపానుల కాలంలో ఓడలకి ఇంతకంటే మంచి ఆశ్రయం ఉండదు. ఈ జాతి అఖాతాల్లో క్యూబాలో అన్నిటికంటే పెద్దది నీపే. 1612లో ఉప్పు కోసం వెళ్లిన ఇద్దరు ఆదివాసీ అన్నదమ్ములకీ ఒక నల్లజాతి బాలుడికీ మేరీమాత విగ్రహం నీటి మీద తేలుతూ దొరికిందని క్యూబన్లు నమ్మేది కూడా ఈ అఖాతంలోనే. ఆ కారిదాద్ మాతే ఇప్పుడు క్యూబా దేశానికి సంరక్షక దేవత. విగ్రహం శాంతియాగో దగ్గర ఎల్ కోబ్రె గుడిలో ఉంది.

వాన విషయం. ఈశాన్య వ్యాపార పవనాలు అట్లాంటిక్ తేమను తెచ్చి మోవా, బరాకోవా కొండలకు కొడతాయి. దేశంలో ఎక్కువ వాన పడేది అక్కడే. ఓల్గీన్ నగరానికి వచ్చేసరికి ఆ వాన ఉండదు. నగరంలో కరువు రోజులు, ట్యాంకర్ల నీళ్లు మామూలే. అందుకే తూర్పు కొండల నీటిని సొరంగాలు తవ్వి పడమటి మైదానానికి మళ్లించే పెద్ద పథకం చేపట్టారు. ఈ చిన్న ప్రావిన్స్ లోపలే ఒక నదుల అనుసంధానం జరుగుతోంది.

#3 సివిల్స్_ప్రిపరేషన్ (హైదరాబాద్)

మేడమ్, చాలా ఉపయోగకరం. నాకు నికెల్ గురించి తెలుసుకోవాలనుంది. బ్యాటరీల చర్చలో కోబాల్ట్ అంటే కాంగో, నికెల్ అంటే ఇండోనేషియా అనే చదువుతున్నాం. క్యూబా పేరు ఎక్కడో చివర్లో వస్తుంది. నిజంగా అంత పెద్ద నిక్షేపాలా?

#4 లేటరైట్ (విశాఖపట్నం)

పెద్దవే తమ్ముడూ. కాస్త నిదానంగా చెప్తాను.

తూర్పు ఓల్గీన్ కొండలు ఒకప్పుడు సముద్రపు అడుగున ఉన్న శిల. భూఫలకాలు ఢీకొన్నప్పుడు అది పైకి నెట్టుకొచ్చింది. మెగ్నీషియం, ఇనుము ఎక్కువగా ఉండి కొద్దిగా నికెల్ కలిసిన రాయి అది. లక్షల ఏళ్లు ఎండావానా తగిలేసరికి మెగ్నీషియం, సిలికా కరిగి నీళ్లతో కొట్టుకుపోయాయి. మిగిలింది ఇనుముతో ఎర్రబడ్డ మట్టి, అందులో పోగుపడ్డ నికెల్, కోబాల్ట్. అదే లేటరైట్. పై పొర లిమోనైట్, కింద పొర సర్పెంటైన్. తూర్పు కొసన ఉన్న గనుల పట్నం మోవాలో ఇళ్ల గోడలు, దారి పక్క ఆకులు, లారీ చక్రాలు అన్నీ ఆ రంగులోనే ఉంటాయి. టీచర్ గారు వదిలేసిన పైన్ చెట్ల ప్రశ్నకు జవాబు కూడా ఇదే. ఈ మట్టిలో లోహాలు ఎక్కువ, మొక్కకి కావలసిన పోషకాలు తక్కువ. మామూలు ఉష్ణమండల అడవి ఇందులో నిలవలేదు, పైన్ నిలిచింది.

తవ్వడం తేలికే. సొరంగాలు అక్కర్లేదు, పై నుంచి గీకి తీయడమే. కష్టమంతా అందులోంచి నికెల్‌ను విడదీయడంలో ఉంది. టన్ను మట్టిలో నికెల్ సుమారు 12, 13 కిలోలే.

అందుకు ఇక్కడ రెండు దారులు పుట్టాయి. మొదటిది నికారోలో. రెండో ప్రపంచ యుద్ధంలో కవచాల ఉక్కుకి నికెల్ కావాలని అమెరికా ప్రభుత్వమే డబ్బు పెట్టి 1942–43లో లెవీసా అఖాతం ఒడ్డున ఆ ఫ్యాక్టరీ కట్టించింది. మట్టిని పెద్ద కొలుముల్లో కాల్చి, అమోనియా ద్రావణంతో నికెల్‌ను లాగడం ఆ పద్ధతి. దీనికి చమురు తాగుడు విపరీతం. చమురు చవకగా ఉన్నంతకాలం నడుస్తుంది. సోవియట్ చమురు ఆగిపోయాక ఆ ఫ్యాక్టరీ ఊపిరి బిగబట్టుకుని నడిచి, చివరికి 2012లో మూతపడింది. 1980లలో సోవియట్ సాయంతో మోవా దగ్గర పుంతా గోర్దాలో నిలబెట్టిన చే గువేరా ఫ్యాక్టరీదీ ఇదే పద్ధతి, ఇదే బాధ.

రెండోది మోవాది. దాదాపు 250 డిగ్రీల వేడిలో, అధిక పీడనంలో, సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో మట్టిని ఉడికిస్తారు. నికెల్, కోబాల్ట్ యాసిడ్‌లోకి దిగుతాయి, ఇనుము వెనకే ఉండిపోతుంది. ఫ్రీపోర్ట్ సల్ఫర్ అనే అమెరికన్ కంపెనీకి చెందిన మోవా బే మైనింగ్ 1959కల్లా దీన్ని కట్టింది. ప్రపంచంలో ఈ పద్ధతితో వాణిజ్యపరంగా పనిచేసిన మొదటి ఫ్యాక్టరీ ఇదే. ఇప్పుడు ఇండోనేషియాలో చైనా కంపెనీలు వరసపెట్టి కడుతున్న ప్లాంట్లన్నిటికీ మూలపురుషుడు మోవా. ఈ పద్ధతికి మెగ్నీషియం తక్కువుండే పై పొర లిమోనైటే కావాలి. మెగ్నీషియం ఎక్కువైతే అది యాసిడ్‌ను మింగేస్తుంది. మోవా మట్టిలో మెగ్నీషియం తక్కువ కాబట్టే ఈ ప్రయోగం అక్కడ నిలిచింది.

మన దేశంలో ఒడిశా సుకిందా లోయలో క్రోమైట్ గనుల పై పొరలో కూడా నికెల్ ఉన్న లేటరైట్ ఉంది. దాన్ని లాభసాటిగా తీయడం మనకింకా సాధ్యపడలేదు. ఆ పని చేసే కుర్రాళ్లు మోవా చరిత్ర చదవాలని నా గట్టి అభిప్రాయం.

#5 ఎడ్మంటన్‌తెలుగు (కెనడా)

లేటరైట్ గారూ, మీరు ఆపిన చోటి నుంచి నేను అందుకుంటాను. ఆ కథ రెండో సగం మా ఊరి పక్కనే నడుస్తుంది.

1960లో క్యూబా మోవా ఫ్యాక్టరీని జాతీయం చేసింది. అమెరికన్లు ఆ ప్లాంటును కట్టిన పద్ధతి ఏమిటంటే, మోవాలో నికెల్–కోబాల్ట్ మిశ్రమం దాకా తయారుచేసి, శుద్ధి మాత్రం అమెరికాలో చెయ్యడం. ఆ శుద్ధి కర్మాగారం అమెరికాలోనే ఉండిపోయింది. క్యూబాకి మిగిలింది సగం ఫ్యాక్టరీ. సోవియట్ యూనియన్ ఉన్నంతకాలం సరుకు అటు వెళ్లింది. అది కూలాక 1994లో కెనడాకి చెందిన షెరిట్, క్యూబా ప్రభుత్వ కంపెనీ చెరి సగం వాటాలతో కలిశాయి. అప్పటి నుంచి మోవా మిశ్రమం ఓడలో కెనడా తూర్పు తీరానికి, అక్కడి నుంచి రైల్లో ఆల్బర్టాలోని ఫోర్ట్ సస్కాచువాన్‌కి రావడం మొదలైంది. ఎడ్మంటన్‌కి ఈశాన్యంగా అరగంట దూరం. కరీబియన్ ఎర్రమట్టిలో పుట్టిన లోహం మైనస్ 30 డిగ్రీల చలిలో శుద్ధవుతుంది. మంచి ఏడాదిలో సుమారు 30 వేల టన్నుల నికెల్, 3 వేల టన్నుల కోబాల్ట్.

అమెరికా ఊరుకోలేదు. 1996లో హెల్మ్స్–బర్టన్ చట్టం తెచ్చి, జాతీయం చేసిన అమెరికన్ ఆస్తులతో వ్యాపారం చేసే కంపెనీల అధికారులకీ వాళ్ల కుటుంబాలకీ వీసా నిరాకరించింది. మొదట దెబ్బ తిన్నవాళ్లలో షెరిట్ డైరెక్టర్లున్నారు. క్యూబా నికెల్ కలిసిన సరుకు ఏదీ అమెరికాలోకి రాకూడదనే నిషేధం ఎప్పటి నుంచో ఉంది.

ఇంకో విషయం. షెరిట్‌కి ఇవ్వాల్సిన బాకీ క్యూబా డబ్బుగా తీర్చలేకపోతే, 2022లో ఒక ఒప్పందం కుదుర్చుకున్నారు. 2023 నుంచి అయిదేళ్లపాటు తన వాటా కోబాల్ట్‌లో కొంత ఇచ్చి ఆ బాకీ తీర్చాలి. ఒక దేశం మట్టి తీసి అప్పు తీర్చుకుంటోంది. ఆ పేపర్లు చదువుతుంటే నా మనసు బరువెక్కింది.

#6 అడవిదారి (భద్రాచలం)

మట్టి తీయడం గురించి ఇంత రాశారు, మట్టి మీద ఏముందో నేను రాస్తాను.

అదే ఎర్రమట్టి మీద, అదే కొండల్లో, మోవా గనుల పక్కనే అలెహాంద్రో దె హుంబోల్ట్ జాతీయ వనం ఉంది. ఓల్గీన్, గ్వాంతానమో రెండు ప్రావిన్స్‌ల మీద పరుచుకున్న ఈ వనాన్ని 2001లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 1800ల మొదట్లో క్యూబా తిరిగిన జర్మన్ శాస్త్రవేత్త పేరు పెట్టారు. లోహాల మట్టిని తట్టుకునే క్రమంలో ఇక్కడి మొక్కలు ప్రపంచంలో ఇంకెక్కడా లేని జాతులుగా మారాయి. అంటే నికెల్‌ను పోగుచేసిన కారణమే అడవినీ అరుదైనదిగా చేసింది. రెండూ ఒకే చోట ఉండక తప్పదు. ఈ ప్రావిన్స్‌కి అసలు చిక్కు ఇదే.

అల్మికీ అనే చిన్న జంతువు ఉంది. పొడుగాటి ముక్కు, విషపు కాటు, రాత్రిపూట సంచారం. అంతరించిపోయిందని ఒకప్పుడు అనుకున్నారు. ఇంకా బతికుందంటే ఈ తూర్పు కొండల వల్లే. దంతపు ముక్కు వడ్రంగిపిట్ట మాత్రం అంత అదృష్టం చేసుకోలేదు. ఈ కొండల్లోని పైన్ అడవుల్లో 1986, 1987లలో శాస్త్రవేత్తలు చూసినదే అందరూ ఒప్పుకున్న చివరి దర్శనం. తర్వాత ఎన్ని బృందాలు వెతికినా కనబడలేదు.

ఓపెన్‌కాస్ట్ తవ్వకంలో ముందు పోయేది అడవి, తర్వాత వానకి కొట్టుకొచ్చే ఎర్రబురద నదిలోకి, అక్కడి నుంచి పగడపు దిబ్బల మీదికి. తవ్వేసిన చోట్ల అక్కడి స్థానిక పైన్ మొక్కలే నాటుతున్నారు. అది మంచి పనే. కానీ మొక్క నాటడానికీ అడవి తిరిగి రావడానికీ మధ్య వందల ఏళ్లుంటాయి. కాలుష్యం లేని బ్యాటరీ అని ప్రకటనల్లో రాసేవాళ్లు మోవా అఖాతం రంగు ఒకసారి చూడాలి.

#7 లేటరైట్ (విశాఖపట్నం)

అడవిదారి గారూ, మీ బాధ అర్థమైంది. కానీ మోవాలో 70 వేల పైచిలుకు జనం ఉన్నారు. గని లేకపోతే ఆ ఊరే లేదు. 1976లో అక్కడ గనులు–లోహశాస్త్రాల ఉన్నత విద్యాసంస్థ పెట్టారు, ఇప్పుడది మోవా విశ్వవిద్యాలయం. కొండ మూలన ఉన్న చిన్న పట్నంలో సొంత ఇంజనీర్లను తయారుచేసుకున్నారు. తవ్వకం ఆపమనడం కాదు, వ్యర్థాల చెరువులు, బురద కట్టలు పటిష్ఠంగా కట్టమనడమే న్యాయం.

#8 అడవిదారి (భద్రాచలం)

ఆపమని నేననలేదండీ. వనం సరిహద్దు గని వైపు నుంచి ఒక్క అడుగు కూడా వెనక్కి జరగకూడదంటున్నాను. జనం బతకాలి, నిజమే. ఆ జనం తాగే నీళ్లు కూడా ఆ కొండల నుంచే దిగాలి కదా.

#9 చెరకుతోట (నిజామాబాద్ జిల్లా)

అన్నా, చెరకు గురించి అడిగినవు కదా. రాస్త.

1898ల అమెరికాతోని యుద్ధంల స్పెయిన్ ఓడిపోయినంక అమెరికన్ కంపెనీలు తూర్పు క్యూబాల భూములు చవకకు కొన్నయి. యునైటెడ్ ఫ్రూట్ కంపెనీ బానెస్‌ల దిగింది. మొదట అరటి, తర్వాత పూర్తిగా చెరకే. బోస్టన్ అని ఒక చక్కెర ఫ్యాక్టరీ, కొన్నేండ్లకు నీపే అఖాతం ఒడ్డున ప్రెస్టన్ అని ఇంకోటి. రైలు వాళ్లదే, ఓడరేవు వాళ్లదే, దుకాణం వాళ్లదే, ఆస్పత్రి వాళ్లదే. బానెస్ ఊరు రెండు ముక్కలు. ఒక దిక్కు తోటలతో అమెరికన్ అధికారుల బంగ్లాలు, ఇంకో దిక్కు కూలీల గుడిసెలు. బతీస్తా ఆ రెండో దిక్కు పుట్టిండు, చిన్నతనంలో చెరకు పొలాల్లో పనిచేసిండు. ఫిదెల్ తండ్రి స్పెయిన్‌ల గలీసియా నుంచి వచ్చిన మనిషి, బిరాన్‌ల పెద్ద రైతు అయిండు, ఆ కంపెనీ భూముల నడుమనే చెరకు పండించిండు. ఇద్దరూ ఒకే కంపెనీ నీడల పెరిగిండ్రని మొదటి పోస్టుల అన్నది నిజం.

చెరకు కొట్టనీకి స్థానికులు చాలక 1913ల ప్రభుత్వం కంపెనీకి 1,000 మంది కూలీలను బయటి దీవుల నుంచి తెచ్చుకునే అనుమతి ఇచ్చింది. అక్కడి నుంచి మొదలై జమైకా, హైతీ నుంచి లక్షల మంది తూర్పు క్యూబాకు వచ్చిండ్రు. సీజన్ల కొట్టుడు, సీజన్ అయినంక పస్తులు. ఆ పనిలేని నెలలకు అక్కడ 'చచ్చిన కాలం' అని పేరు. కూలి చేసుకునేటోళ్లకు ఆ మాట ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు.

విప్లవం తర్వాత మిల్లులు సర్కారువైనయి. పేర్లు మారినయి, బోస్టన్ నికారాగువా అయింది, ప్రెస్టన్ గ్వాతెమాల అయింది. ఓల్గీన్ నగరంల 1977ల సోవియట్ సాయంతోని చెరకు కోసే యంత్రాల ఫ్యాక్టరీ తెరిచిండ్రు. చేతితోని కొట్టే నరకం తప్పింది. 1980లల దేశం మొత్తం ఏటా 70, 80 లక్షల టన్నుల చక్కెర తీసింది. తర్వాత సోవియట్ పోయింది. 2002ల సర్కారు 156 మిల్లులల్ల 71 మూసేసింది. ఓల్గీన్‌ల రఫాయేల్ ఫ్రేరె మిల్లు బందయింది, చెరకు బండ్లు లాగిన ఆవిరి ఇంజన్లు టూరిస్టులు చూసే వస్తువులైనయి. ఇప్పుడు దేశం మొత్తం దిగుబడి 4 లక్షల టన్నుల కిందికి పడిపోయింది. క్యూబా చక్కెర దిగుమతి చేసుకుంటున్నది, అన్నా.

మా దిక్కు చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు నేను చూసిన. ముందు హోటళ్లు బందైతయి, తర్వాత లారీలు పోతయి, తర్వాత బడిల పిల్లలు తక్కువైతరు. ఆ మిల్లుల ఊర్లల్ల ఏమైతదో నాకు ఊహించుడు కష్టం కాదు.

#10 సివిల్స్_ప్రిపరేషన్ (హైదరాబాద్)

ఒక ప్రశ్న. ఇదంతా అమెరికా ఆంక్షల ఫలితమేనా? 1960ల నుంచి ఆంక్షలు లేకపోయుంటే ఓల్గీన్ ఇవాళ సంపన్న ప్రాంతం అయ్యుండేది కదా?

#11 ఎడ్మంటన్‌తెలుగు (కెనడా)

ఆంక్షల బరువు చాలా ఎక్కువ, అందులో నాకు సందేహం లేదు. 145 కిలోమీటర్ల దూరంలో ఉన్న అతిపెద్ద మార్కెట్ మూసుకుపోతే, విడిభాగాలు సముద్రాలు దాటి తెచ్చుకోవాల్సి వస్తే, బ్యాంకులు లావాదేవీకే భయపడితే ఏ ఫ్యాక్టరీ అయినా కుంటుతుంది.

కానీ చెరకు విషయంలో సొంత నిర్ణయాలూ ఉన్నాయి. 2002లో ప్రపంచ ధర బాగా తక్కువగా ఉందని మిల్లులు మూసి, యంత్రాలు విప్పేశారు. పదేళ్లు తిరక్కుండానే ధర మూడింతలు దాటింది. అప్పటికి పొలాలు ముళ్లపొదలతో నిండిపోయాయి. 2011లో చక్కెర మంత్రిత్వశాఖనే రద్దు చేసి సంస్థగా మార్చారు. రైతు చేతికి గిట్టుబాటు ధర, ఎరువు, డీజిల్ అందలేదు. ఇవి హవానాలో తీసుకున్న నిర్ణయాలు.

#12 చెరకుతోట (నిజామాబాద్ జిల్లా)

ఇందులో ఒకటి కలుపుత. కంపెనీ కాలంలో నిర్ణయం బోస్టన్ నగరంల అయింది, తర్వాత మాస్కోల, తర్వాత హవానాల. చెరకు వేసినోడిని అడిగినోడు లేడు. నేను పట్టించుకునేది ఆ ఒక్క ముక్కనే.

#13 భూగోళం_టీచర్ (నెల్లూరు)

జనాభా గురించి చెప్పకుండా ఈ చర్చ పూర్తి కాదు. పొరలు పొరలుగా వచ్చిన జనం వీళ్లు.

అడుగున తైనో ఆదివాసులు. క్యూబాలో వాళ్ల ఆనవాళ్లు బాగా దొరికే ప్రాంతాల్లో బానెస్ ముందుంటుంది. చోరో దె మాయిత అనే చోట 1980లలో తవ్వితే వందకు పైగా సమాధులు బయటపడ్డాయి, కొన్ని స్పానిష్‌వాళ్లు వచ్చిన తర్వాతివి. దాని మీదే మ్యూజియం కట్టారు. బానెస్ పట్నంలోని మ్యూజియంలో చిన్న బంగారు విగ్రహం ఉంది, తైనోల పనితనానికి అరుదైన సాక్ష్యం. ఆ తర్వాత స్పానిష్‌వాళ్లు, ముఖ్యంగా కనారీ దీవుల నుంచి వచ్చిన చిన్న రైతులు. హవానా చుట్టూ పెద్ద తోటల్లో ఉన్నంతమంది ఆఫ్రికన్ బానిసలు ఇక్కడ లేరు. పశువులు, పొగాకు, చిన్న కమతాలు. అందుకే పడమటి ఓల్గీన్‌లో యూరోపియన్ మూలాల వాళ్ల నిష్పత్తి ఎక్కువ. 20వ శతాబ్దంలో చెరకుతోట గారు చెప్పిన జమైకన్లు, హైతీయులు. కొన్ని పల్లెల్లో హైతీ క్రియోల్ మాట, వాళ్ల పండగ పాటలు ఇంకా ఉన్నాయి.

ఇక ఇప్పటి సంగతి. క్యూబాలో 1978 నుంచీ జననాల రేటు, తరానికి తరం నిలబడడానికి కావలసిన దానికంటే తక్కువ. ఆడపిల్లలు బాగా చదివారు, ఉద్యోగాలు చేశారు, ఇళ్లు ఇరుకు. అక్కడి వరకూ చాలా దేశాల కథే. దానికి వలస తోడైంది. 2012లో 1 కోటి 11 లక్షలకు పైగా ఉన్న దేశ జనాభా, ప్రభుత్వ లెక్కల్లోనే 2024 చివరికి 97 లక్షల చిల్లరకి పడిపోయింది. నలుగురిలో ఒకరు 60 దాటినవాళ్లు. 2022లో జరగాల్సిన జనగణన వాయిదా పడింది. ఓల్గీన్ 10 లక్షల లెక్క కూడా ఇప్పుడు పాతబడ్డదే. పటం కింద ఆ అంకె రాస్తే, '2012' అని పక్కన తప్పకుండా రాయండి.

#14 ఎడ్మంటన్‌తెలుగు (కెనడా)

వలస గురించి ఒక అంకె. 2021 నవంబర్‌లో నికారాగువా దేశం క్యూబన్లకు వీసా అక్కర్లేదంది. విమానంలో అక్కడికి, అక్కడి నుంచి బస్సుల్లో, నడకలో మెక్సికో మీదుగా అమెరికా సరిహద్దుకి. 2022 అమెరికన్ ఆర్థిక సంవత్సరంలోనే సరిహద్దులో నమోదైన క్యూబన్ల సంఖ్య 2 లక్షల 20 వేలు దాటింది. వెళ్లేవాళ్లలో ఎక్కువమంది పనిచేసే వయసువాళ్లు, చదువుకున్నవాళ్లు. ఇళ్లు అమ్మి వెళ్లారు.

ఓల్గీన్‌కి కెనడా వాళ్లు వెళ్లే దారి వేరు. చలికాలంలో టొరాంటో, మాంట్రియల్ నుంచి ఓల్గీన్ నగరంలోని ఫ్రాంక్ పాయీస్ విమానాశ్రయానికి నేరుగా విమానాలు నడిచేవి, అక్కడి నుంచి బస్సులో గ్వార్దలవాకా, ఎస్మెరాల్దా, పెస్కేరో బీచులకి. మేమూ పిల్లలతో వెళ్లాం. తెల్లటి ఇసుక, పగడపు దిబ్బ దగ్గరలోనే. హోటల్లో కాఫీ పోసిన యువతి మెకానికల్ ఇంజనీరు. ఫ్యాక్టరీ జీతం కంటే టిప్పులు ఎక్కువని చెప్పింది. ఆ సంగతి మా ఆవిడ ఇప్పటికీ తలుచుకుంటుంది.

#15 పటాలపిచ్చి (కాకినాడ)

కరెంటు గురించి ఎవరూ రాయలేదు. నీపే అఖాతం ఒడ్డున ఫెల్టన్ దగ్గర దేశంలోని పెద్ద థర్మల్ కేంద్రాల్లో ఒకటుంది, 250 మెగావాట్లవి రెండు యూనిట్లు. 2022 జూలైలో రెండో యూనిట్ మంటల్లో కాలిపోయింది. మిగిలింది ఒకటే, అది కూడా గంధకం ఎక్కువున్న క్యూబా ముడిచమురుని కాలుస్తూ తరచూ ఆగిపోతుంది. 2024 అక్టోబర్‌లో దేశం మొత్తం గ్రిడ్డే కుప్పకూలింది. పరిశ్రమల ప్రావిన్స్‌లో ఇళ్లకి రోజులో చాలా గంటలు కరెంటు లేదు. మాకు తుపాను తర్వాత నాలుగు రోజులు కరెంటు లేకపోతేనే గోదారి జిల్లాలు గగ్గోలు పెట్టాయి.

తుపానులంటే గుర్తొచ్చింది. 2008 సెప్టెంబర్‌లో ఐక్ తుపాను తీరం దాటింది బానెస్ దగ్గర పుంతా లుక్రేసియాలో. హిబారాలో సముద్రం వీధుల్లోకి వచ్చేసింది. 2025 అక్టోబర్ చివర్లో మెలిస్సా దక్షిణాన శాంతియాగో తీరం మీదికొచ్చి, ఓల్గీన్ మీదుగా అట్లాంటిక్‌లోకి దిగింది. కొండ వాగులన్నీ ఒకేసారి పొంగాయి.

#16 సివిల్స్_ప్రిపరేషన్ (హైదరాబాద్)

అందరికీ ధన్యవాదాలు. ఇంకొక్కటి. నీపే అంత మంచి అఖాతమైతే అక్కడ పెద్ద ఓడరేవు నగరం ఎందుకు పుట్టలేదు?

#17 ఎడ్మంటన్‌తెలుగు (కెనడా)

పుట్టించాలనే ప్రయత్నం జరిగింది తమ్ముడూ, అదీ మా కెనడా రైల్వే మనిషి చేతుల మీదుగా. కెనడియన్ పసిఫిక్ రైలుమార్గం కట్టించిన విలియం వాన్ హోర్న్ క్యూబాకి వచ్చి, దీవి నడుమ నుంచి శాంతియాగో దాకా రైలు వేయించాడు, 1902కల్లా అది పూర్తయింది. దాని శాఖ ఒకటి నీపే అఖాతం ఒడ్డుకి తెచ్చి, అక్కడ అంతీయా అనే కొత్త రేవుపట్నం వేశాడు. చక్కెర న్యూయార్క్‌కి పోవడానికి దగ్గరి దారి. చక్కెర ఉన్నంతకాలం అంతీయా రేవు కళకళలాడింది. 1960 తర్వాత న్యూయార్క్ దారి మూసుకుపోయింది. అఖాతం చుట్టూ చిన్న రేవులే మిగిలాయి: ప్రెస్టన్‌కి దాని సొంత జెట్టీ, ఫెల్టన్‌కి దానిది, పక్క అఖాతంలో నికారోకి దానిది. ప్రతి కంపెనీ తన గేటు ముందు తన రేవు కట్టుకుంది. అందరికీ కలిపి ఒక నగరం కావాలని ఎవరూ అనుకోలేదు.

#18 భూగోళం_టీచర్ (నెల్లూరు)

ఈ ప్రశ్న మా తొమ్మిదో తరగతికి ఇస్తాను: అఖాతం, గని, చెరకు, కొండ నాలుగూ ఉన్న పటం చూపించి, నగరం ఎక్కడ పుడుతుందో గుర్తించమని. పిల్లలందరూ నీపే ఒడ్డునే పెన్సిల్ పెడతారు. అసలు ఓల్గీన్ నగరం తీరానికి దూరంగా ఎందుకుందో అప్పుడు చెప్తాను. 1545లో స్పానిష్ సేనాని గార్సియా ఓల్గీన్‌కి పశువులు మేపుకోవడానికి ఇచ్చిన భూమిలో అది పుట్టింది. సముద్రపు దొంగలకి అందనంత లోపల, గడ్డి ఉన్న చోట. పటాలపిచ్చి గారూ, మీరు గీసే పటంలో రైలు దారి అంతీయా వరకూ వేయండి. మోవా నుంచి ఒక ఓడ గీత కెనడా వైపు కూడా ఉండాలి.

#19 పటాలపిచ్చి (కాకినాడ)

తప్పకుండానండీ. వనం సరిహద్దు ఆకుపచ్చలో, గనులు ఎరుపులో వేస్తున్నాను. మూతపడ్డ మిల్లులకి ఖాళీ సున్నా, నడిచేవాటికి నిండు సున్నా. చెరకుతోట అన్నా, మిల్లుల పాత పేర్లు, కొత్త పేర్లు రెండూ పెట్టాలి, మీరొకసారి సరిచూడండి. ఆదివారానికి చిత్తు ప్రతి ఇక్కడే పెడతాను.